బీటు కడదాం, కూర్చోండి

రండి, కూర్చోండి. టీ వస్తోంది. ఇవాళ ఉత్త కబుర్లతో సరిపెట్టకుండా చేతికి కాస్త పని కూడా చెబుదామనుకుంటున్నాను. మనిద్దరం కలిసి ఒక హిప్ హాప్ బీటు కడదాం. ఖాళీ తెర దగ్గర మొదలుపెట్టి, ర్యాపర్ చేతికి ఫైలు పంపేదాకా.

అప్పుడే చెయ్యి అడ్డం పెట్టేస్తున్నారు. "నాకు సరిగమలు కూడా సరిగ్గా రావండీ" అంటారు. సంగీతం నేర్చినవాళ్ళు నొచ్చుకోకపోతే ఒక మాట చెబుతాను: ఈ విద్యకి ఆద్యుడనిపించుకున్నాయన వాద్యం పట్టుకుని కాదు, రికార్డులు పట్టుకుని వచ్చాడు.

1973 ఆగస్టు 11. న్యూయార్క్‌లో బ్రాంక్స్, సెడ్జ్‌విక్ అవెన్యూ, 1520 నంబరు భవనం. సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయికి బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవాలని కోరిక. డబ్బు కోసం భవనం కింద ఉన్న హాల్లో పార్టీ పెట్టింది. టిక్కెట్టు ఆడపిల్లలకి 25 సెంట్లు, మగపిల్లలకి 50. పాటలు వేసే బాధ్యత అన్నయ్య క్లైవ్‌ది. జమైకాలో పుట్టి చిన్నప్పుడే అమెరికా వచ్చినవాడు. ఊళ్ళో పేరు కూల్ హెర్క్. ఆయన పాటలకంటే పాటలు వినేవాళ్ళని ఎక్కువ గమనించేవాడు. పాట నడుస్తున్నంతసేపూ కొందరు గోడకి చేరబడి ఊరికే చూస్తుంటారు. గొంతు ఆగి, బాకాలు ఆగి, డ్రమ్స్ ఒక్కటే మిగిలే కొద్ది సెకన్లు వస్తాయి చూడండి, వాటి కోసమే కాచుకుని ఉంటారు. అవి రాగానే హాలంతా వాళ్ళదే. తీరా చూస్తే అంతలోనే అయిపోతుంది. హెర్క్ ఏం చేశాడంటే, ఒకే రికార్డు రెండు కాపీలు కొని, రెండు టర్న్‌టేబుళ్ళ మీద పెట్టి, ఒకదాంట్లో ఆ ముక్క అయిపోతుండగా రెండోదాంట్లో అదే ముక్క మళ్ళీ అందుకునేవాడు. ఆ ముక్క పేరు బ్రేక్. మిగతా పాట ఎవరిక్కావాలి?

అంటే ఈ కళ పుట్టిందే పాటలో ముప్పాతిక భాగం తీసి అవతల పారెయ్యడంతో. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి. సాయంత్రం దాకా మనం చెయ్యబోయేది చాలామటుకు ఆ పారెయ్యడమే.

ర్యాప్ పాటలోంచి గొంతు తీసేస్తే మిగిలేదంతా, అంటే డ్రమ్స్, బేసు, వెనక తిరుగుతుండే రాగం తునక, అన్నీ కలిపి బీటే. కట్టేవాణ్ణి ప్రొడ్యూసర్ అంటారు. మన సినిమా వాళ్ళ ప్రొడ్యూసర్ లాగ డబ్బు పెట్టేవాడు కాదు. పాపం చాలాసార్లు డబ్బు రానివాడు.

సామాను సంగతి రెండు ముక్కల్లో ముగిద్దాం. ఒక ల్యాప్‌టాప్, ఒక మంచి హెడ్‌ఫోను. సాఫ్ట్‌వేరు ఏదైనా పరవాలేదు. నేనైతే ఎఫ్ఎల్ స్టూడియో తెరుస్తాను. బెల్జియం కంపెనీది, 1997లో ఫ్రూటీలూప్స్ అనే పేరుతో మొదలైంది. ఖరీదైన మైకులు, గోడలకి స్పాంజి పలకలు, రంగురంగుల లైట్లు ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు. అసలు పని మొదలుపెట్టకుండా ఉండటానికి సామాను కొనడంకంటే మంచి సాకు లేదు.

ముందు వేగం. నిమిషానికి 90 అని పెట్టండి. బూమ్ బ్యాప్ అని పిలిచే పాత న్యూయార్క్ తరహాకి ఇది హాయైన నడక. తల దానంతట అదే ఊగుతుంది, నాలుకకి మాట తిరగడానికి వ్యవధి ఉంటుంది. లెక్క చూసుకోండి: ఒక దెబ్బకి సెకనులో మూడింట రెండు వంతులు. నాలుగు దెబ్బలు కలిస్తే ఒక బార్, అంటే సుమారు 2.67 సెకన్లు. ఈ అంకెతో మళ్ళీ పని పడుతుంది.

ఇక రాగం తునక. కొందరు కీబోర్డు మీద సొంతంగా వాయించుకుంటారు, ఆక్షేపణ లేదు. కానీ పాత రికార్డులోంచి ఒక ముక్క కోసి తెచ్చుకోవడంలో ఉన్న రుచి వేరు. దాన్నే శాంపిల్ అంటారు. మనం 1949 నాటి భరణీ వారి సినిమా 'లైలా మజ్ను' రికార్డు పెట్టుకుందాం. సంగీతం సి.ఆర్. సుబ్బరామన్. ఎందుకు ఆయనే అన్నది తర్వాత చెబుతాను, దాని వెనక న్యాయశాస్త్రం ఉంది. ఏ పాట, ఎన్నో చరణం తర్వాత అని మాత్రం అడక్కండి. కూల్ హెర్క్ తన రికార్డుల మీది లేబుళ్ళని నీళ్ళలో నానబెట్టి ఊడగొట్టేవాడు, పోటీవాళ్ళు పక్కనుంచి పేరు చదివేసి అదే రికార్డు కొనుక్కురాకుండా. ఆ సంప్రదాయం కాస్త నిలబెట్టనివ్వండి.

మనకి కావలసింది పల్లవి కాదు. అందరికీ తెలిసిన చోటు అసలు వద్దు. గాయకుడు ఊపిరి తీసుకోవడానికి ఆగుతాడు చూశారూ, ఆ సందులో వాద్యాలు మాత్రమే మోగే రెండు మూడు సెకన్లు వెతకండి. ఇక్కడ తొందర పనికిరాదు. రికార్డంతా వినండి, మళ్ళీ వినండి. మొదటిసారి పాట వినిపిస్తుంది, తర్వాత తర్వాతగానీ వెనక ఉన్నవాళ్ళు వినిపించరు. 78 వేగం రికార్డులో పక్కకి మూడు నిమిషాలు పట్టడమే గగనం. ఆ ఇరుకులో సంగీత దర్శకుడు రెండు సెకన్ల సందులో కూడా ఎంత కూరి పెట్టాడో అప్పుడు తెలుస్తుంది. ఆ గరగరలు చూసి కంగారుపడకండి. శుభ్రం చెయ్యకండి కూడా. ఆ చప్పుడు మనకి సొమ్ము.

ముక్క దొరికిందా? దాన్ని మూడు స్వరాల మేర కిందికి దించుదాం, అంటే హార్మోనియం మీద నల్లవీ తెల్లవీ కలిపి మూడు మెట్లు. బరువు వస్తుంది, శబ్దంలో పగటి వెలుగు పోయి చీకటి పడుతుంది. తర్వాత ఆ ముక్కని ఎక్కడ స్వరం మారితే అక్కడ కోసి, ఏ తునకకి ఆ తునక ఒక్కో మీటకి అంటించండి. ఇప్పుడు క్రమం మార్చి వాయించండి. మూడోది ముందు, మొదటిది తర్వాత, రెండోది అసలు లేకుండా. ఒక దగ్గర, మీకే తెలియకుండా, సుబ్బరామన్ గారు రాయని వాక్యం ఒకటి వినిపిస్తుంది. అక్కడ ఆగండి. అదే మన బీటుకి ప్రాణం. ఇంకా వెతుకుదామని దాన్ని దాటి పోయారో, మళ్ళీ దొరకదు.

ఈ దించడం అనే అలవాటు ఎలా వచ్చిందో చెప్పాలి. 1987లో ఈము అనే కాలిఫోర్నియా కంపెనీ ఎస్పీ-1200 అనే యంత్రం తెచ్చింది. అందులో మొత్తం కలిపి పది సెకన్ల శబ్దం పడుతుంది. ఒక్కో ముక్క రెండున్నర సెకన్లకి మించకూడదు. ఇందాకటి లెక్క గుర్తుందా? 90 వేగంలో ఒక్క బార్ 2.67 సెకన్లు. అంటే ఒక్క బార్ కూడా పట్టదన్నమాట! కుర్రాళ్ళు ఏం చేశారంటే, 33 వేగం రికార్డుని 45 మీద పరుగెత్తించి లోపలికి ఎక్కించారు, లోపల మళ్ళీ నెమ్మది చేశారు. రెండు సెకన్లలో బార్ మొత్తం పట్టింది. కాకపోతే అలా సాగదీసేసరికి శబ్దానికి ఒక గరుకుదనం అంటుకుంది. అది యంత్రం లోపమే. కానీ వినేవాళ్ళకి ఆ లోపమే న్యూయార్క్ గొంతయి కూర్చుంది. ఇప్పుడు మన ల్యాప్‌టాప్‌లో రోజుల తరబడి శబ్దం పడుతుంది, అయినా ఆ గరుకు కోసం డబ్బిచ్చి ప్లగిన్లు కొంటున్నారు.

టీ చల్లారిపోతోంది, తాగండి. డ్రమ్స్ దగ్గరికి వచ్చాం, ఇక్కడ కాస్త ఎక్కువసేపే కూర్చుంటాను.

తెరమీద పదహారు గళ్ళు కనిపిస్తున్నాయి కదా, అదే ఒక బార్. 5వ గడిలోనూ 13వ గడిలోనూ స్నేర్, అంటే చెళ్ళుమని మోగే డ్రమ్, పెట్టండి. ఇది మార్చడానికి వీల్లేనిది, తల ఊగేది దాని కోసమే. కిక్, అంటే ధమ్మని మోగే పెద్ద డ్రమ్, 1లో పెట్టండి, 8లో, 11లో. హై హ్యాట్, అంటే టిక్కుటిక్కుమనే జత తాళాలు, బేసి గళ్ళన్నిటిలో. వినండి. ఎలా ఉంది? సరిగ్గా ఉంది, చచ్చినట్టుంది. ఏ గడిలోని దెబ్బ ఆ గడిలో పడింది, అన్నీ ఒకే జోరుతో పడ్డాయి, ప్రాణం మాత్రం లేదు.

ముందు శబ్దాలు మారుద్దాం. సాఫ్ట్‌వేరుతో వచ్చిన కిక్కూ స్నేరూ తళతళలాడుతుంటాయి, మన 1949 ముక్క పక్కన ఎబ్బెట్టుగా కనిపిస్తాయి. 1980ల నడుమ న్యూయార్క్‌లోని క్వీన్స్‌బ్రిడ్జ్ కుర్రాడు మార్లీ మార్ల్ ఒక రికార్డులోంచి గొంతు ముక్క పట్టుకోబోతే పొరపాటున దాని వెంట స్నేర్ దెబ్బ ఒకటి పడింది. మీట నొక్కి చూస్తే, తన డ్రమ్ మెషీన్ ఇచ్చే పేలవమైన చప్పుడుకంటే అది ఎంతో బాగుంది. అంటే పాత రికార్డుల్లోని డ్రమ్మర్ల దెబ్బల్ని విడివిడిగా ఏరుకొచ్చి, మనకి నచ్చిన వరసలో కూర్చుకోవచ్చన్నమాట. ఆ తర్వాత ఆ దారి అందరిదీ అయిపోయింది.

అలా ఏరుకోబడ్డ డ్రమ్మర్లలో క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ పేరు తలుచుకోకుండా ముందుకు పోలేను. గాయకుడు జేమ్స్ బ్రౌన్ బృందంలో వాయించేవాడు. 1969 నవంబరులో సిన్సినాటీలో 'ఫంకీ డ్రమ్మర్' అనే పాట రికార్డు చేశారు. మధ్యలో అందరూ ఆగి అతన్ని ఒక్కణ్ణీ వాయించనిచ్చారు. పబ్లిక్ ఎనిమీ అనే ర్యాప్ బృందం మొదలుకొని ఎందరెందరో ఆ కొద్ది బార్లు కోసుకుని పాటలు కట్టుకున్నారు. హిప్ హాప్‌లో అంత ఎక్కువగా వాడిన డ్రమ్స్ ముక్కలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పాట రాసినవారి జాబితాలో అతని పేరు లేదు, కాబట్టి రాయల్టీ కింద చేతికి ఏమీ రాలేదు. 2017లో పోయాడు. మనం ఈ మీట నొక్కుతున్నప్పుడల్లా ఎవరో ఒకరి మణికట్టు వాడుకుంటున్నామని నాకు అనిపిస్తూ ఉంటుంది. ఆ అనిపించడం మంచిదే, పోగొట్టుకోకండి.

సరే, మణికట్టు గురించే మాట్లాడుకుందాం. అన్ని హ్యాట్లూ ఒకే బలంతో మోగకూడదు. మనిషి వాయిస్తే ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా పడుతుంది. గళ్ళ కింద ఉన్న గీతల్ని ఎత్తూ తగ్గూ చెయ్యండి. అప్పుడే సగం ప్రాణం వచ్చింది. మిగతా సగం పేరు స్వింగ్.

ఇది వింటే మన మృదంగం వాళ్ళు నా పక్కకి జరిగి కూర్చుంటారు. ఒక జత గళ్ళు తీసుకోండి, బేసి, సరి. సరిగ్గా మధ్యలో పగిలితే స్వింగ్ 50 శాతం, అంటే మన చతురశ్ర నడక. రెండో దెబ్బని వెనక్కి లాగుతూ 66 శాతానికి తీసుకెళ్ళారనుకోండి, అది అచ్చంగా తిశ్రం, తకిట తకిట. మన శాస్త్రంలో ఈ రెండు ఊళ్ళకీ పేర్లున్నాయి. నడుమ ఉన్న పొలాలకి పేరు లేదు. హిప్ హాప్ కాపురం ఆ పొలాల్లోనే! 54, 58, 62. రోజర్ లిన్ అనే ఇంజనీరు 1980ల మొదట్లోనే తన డ్రమ్ మెషీన్లలో ఈ స్వింగ్ మీట పెట్టాడు. 1988లో అకాయ్ కంపెనీకి అతను చేసిన ఎంపీసీ-60 యంత్రంతో అది బీటు కట్టే ప్రతివాడి వేళ్ళకిందికీ వచ్చింది.

మన బీటుకి 58 పెట్టి చూడండి. సరి గళ్ళలో ఉన్న దెబ్బలు సుమారు 27 మిల్లీసెకన్లు ఆలస్యంగా పడతాయి. 8వ గడిలో కిక్ ఉంది కదా, అదీ వెనక్కి జరిగింది. సెకనులో ముప్ఫయ్యో వంతు కూడా లేదు, ఇదో తేడానా అంటారా? మీ మెడని అడగండి. ఇప్పుడు ఊగుతోంది.

హైదరాబాదు కుర్రాళ్ళకి ఇక్కడ ఒక మాట. తీన్‌మార్ దరువుని బీటులో దించాలని మీకు కోరిక ఉంటుంది, ఉండాలి కూడా. తెలంగాణ యాసలో రోల్ రైడా వంటివాళ్ళు ర్యాప్ చెప్పి జనాన్ని ఒప్పించాక మనకి ఇంకా మొహమాటమేమిటి? అయితే తీన్‌మార్‌ది తిశ్రం, సాఫ్ట్‌వేరు తెరవగానే కనిపించే గళ్ళు చతురశ్రం. రెండిటినీ బలవంతాన ఒకదాని మీద ఒకటి పడేస్తే పెళ్ళి ఊరేగింపు తొక్కిసలాటవుతుంది. గళ్ళని ముందే మూడేసి చొప్పున మార్చుకోండి.

స్వింగ్ మీట ఎంత తిప్పినా అది యంత్రం చేసే ఆలస్యమే. ప్రతిసారీ అంతే. డెట్రాయిట్‌లో జేమ్స్ యాన్సీ అనే కుర్రాడు ఉండేవాడు, జె డిల్లా అంటే ప్రపంచానికి తెలుస్తుంది. అతని డ్రమ్స్ మొదటిసారి వింటే తాగినవాడెవడో వాయిస్తున్నాడేమోననిపిస్తుంది, రెండోసారి వింటే మన గడియారాలే తప్పు అనిపిస్తుంది. గళ్ళలో కూర్చోబెట్టే మీట వాడకుండా చేత్తో వాయించాడంతే అని చాలాకాలం చెప్పుకున్నారు. డాన్ చార్నాస్ అనే రచయిత 2022లో 'డిల్లా టైమ్' అని పెద్ద పుస్తకం రాసి, అది అజాగ్రత్త కాదు లెక్క అని చూపించారు. ఒక వాద్యం తిన్నగా నడుస్తుంటే మరొకటి ఊగుతూ నడుస్తుంది, స్నేర్ రవ్వంత ముందే దూకుతుంది. రెండు కాలాలు ఒకే గదిలో. 2006 ఫిబ్రవరి 7న, డిల్లా 32వ పుట్టినరోజున, అతని 'డోనట్స్' అనే ఆల్బం వచ్చింది. మూడు రోజులకి కన్నుమూశాడు. అతని ఎంపీసీ-3000 ఇప్పుడు వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియంలో ఉంది.

మనమూ కొద్దిగా ప్రయత్నిద్దాం. స్నేర్ రెండిటినీ పట్టుకుని ఓ పది మిల్లీసెకన్లు ముందుకి లాగండి. నచ్చకపోతే వెనక్కి పెట్టెయ్యండి. ఇందులో ఒప్పు తప్పులు చెప్పగలిగింది చెవి ఒక్కటే. తెరమీద గీతలు చూస్తూ సరిచేసేవాళ్ళ బీట్లు చూడటానికే బాగుంటాయి.

ఇక బేసు. మనం కోసిన ముక్కలో అడుగున ఉన్న బరువంతా, 150 హెర్ట్జ్ కిందిది, తీసెయ్యండి. పాత రికార్డులో అక్కడ ఉన్నది సంగీతంకంటే బురదే ఎక్కువ. ఆ ఖాళీలో మన బేసు వేసుకుందాం. రోలండ్ టీఆర్-808 కిక్ శబ్దాన్ని సాగదీసి స్వరంగా వాడటం ఇప్పుడు లోకమంతా ఉంది. పాపం ఆ యంత్రం 1980లో వచ్చి, అసలు డ్రమ్స్ లాగ లేదని పేరు పడి, పన్నెండు వేల పైచిలుకు అమ్ముడై 1983లోనే ఆగిపోయింది. ఆ తర్వాత పాత సామాన్ల దుకాణాల్లో చవగ్గా దొరికినందువల్లే కుర్రాళ్ళ చేతికి వచ్చింది. ఆ పొడుగాటి 808 మన 90 వేగం బూమ్ బ్యాప్‌కి వద్దు, గుండ్రంగా చిన్నగా ఉన్న బేసు చాలు. బారుకి మూడు స్వరాలు మించనివ్వకండి. శ్రుతి మాత్రం ట్యూనర్ చూసి పెట్టకండి. పాత రికార్డు మనం మూడు మెట్లు దించినా ఏ మెట్టు మీదా సరిగ్గా కూర్చోదు, రెండు మెట్ల మధ్య వేలాడుతుంటుంది. చెవితో విని బేసునే దాని దగ్గరికి జరపండి.

కిక్కూ బేసూ ఒకేసారి పడితే ఒకే గుమ్మంలో ఇద్దరు లావుపాటి మనుషులు ఎదురుపడ్డట్టుంటుంది, ఎవరూ లోపలికి రారు. కిక్ పడిన క్షణంలో బేసు కాస్త తగ్గేలా సైడ్‌చెయిన్ పెట్టండి. లేదా బేసు స్వరాన్నే కిక్ తర్వాత మొదలుపెట్టండి, నాకిదే ఇష్టం. ఇంకో సంగతి. మన శ్రోతల్లో చాలామంది సెల్‌ఫోను స్పీకర్లో వింటారు, అందులో 50 హెర్ట్జ్ బేసు అసలు మోగదు. బేసుకి కొద్దిగా డిస్టార్షన్ తగిలించండి. 100, 150, 200 దగ్గర పై స్వరాలు పుడతాయి. అవి వినగానే అడుగున లేని 50ని మెదడు తనే ఊహించుకుంటుంది. వినేవాడి బుర్ర చేత ఉచితంగా బేసు వాయించుకోవడమన్నమాట.

నాలుగు బార్ల ముక్క తయారైంది. తిప్పి తిప్పి వింటుంటే భలేగా ఉంది కదూ? ఇక్కడే జాగ్రత్త. ఈ ఆనందంలో పడి పైన వేణువు, దానిపైన ఘంటలు, దానిపైన ఎవరివో కేకలు పెట్టేస్తుంటారు. గంట తర్వాత చూస్తే ముప్పై వరసలు ఉంటాయి, ర్యాపర్‌కి నిలబడే చోటు ఉండదు. వినడానికి నిండుగా ఉన్న బీటు, నా లెక్కలో, ఇంకా పూర్తికాని బీటు. దానిమీద ఒక మనిషి గొంతు రావాలి. అది వచ్చాకే నిండాలి. అందుకని ఒక్కో వరసనీ నొక్కేసి వినండి. లేకపోయినా లోటు తెలియని ప్రతిదీ తీసెయ్యండి. శాంపిల్ ముక్కలో 1000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య రెండు మూడు డెసిబెళ్ళు తగ్గించండి, మాటల్లో హల్లులు తెలిసేది అక్కడే.

దరువు మీద గొంతు అనే మాట వచ్చినప్పుడల్లా సభల్లో ఒకాయన లేచి "ఇది మన బుర్రకథే కదండీ" అంటాడు. దరువు మీద మాట పరుగు, పక్కన వంతలు, నడుమ చమత్కారం, నిజమే. షేక్ నాజర్ గారి కథనం విన్నవాళ్ళకి ర్యాపర్ వేగం కొత్తగా అనిపించదు. కానీ నేను ఒప్పుకోను. బుర్రకథలో గుమ్మెట వాయించేవాడు కథకుడి ముఖం చూస్తూ వాయిస్తాడు. ఆయన ఆగితే ఆగుతాడు, ఆయన రెచ్చిపోతే రెచ్చిపోతాడు. మన బీటు ఎవరి ముఖమూ చూడదు. ఎప్పుడో ఎవరో వాయించిన క్షణాన్ని పట్టుకుని అది తిరుగుతూనే ఉంటుంది, దానికి లొంగి, దాన్నుంచి తప్పించుకుని, మళ్ళీ దాని మీదికొచ్చి పడటం ర్యాపర్ పని. రెండూ గొప్పవే, రెండూ ఒకటి కాదు. బయటివాళ్ళ వస్తువు ఏది చూసినా మన అటకమీద దాని తాత ఉన్నాడనుకోవడం మానేస్తే మన తాతకే గౌరవం.

ముఖం చూడని ఆ లోటుని కొంతవరకు అమరికతో పూడ్చవచ్చు. మొదట నాలుగు బార్లు, డ్రమ్స్ లేకుండా ఉత్త శాంపిల్, గరగరలతో సహా. తర్వాత చరణం 16 బార్లు. హుక్, అంటే తిరిగి తిరిగి వచ్చే పల్లవి, 8. మళ్ళీ 16, మళ్ళీ 8. చివర నాలుగు. మొత్తం 56 బార్లు, రెండున్నర నిమిషాలు. చరణంలో 8వ బార్ చివరి దెబ్బ దగ్గర డ్రమ్స్ అన్నీ తీసెయ్యండి, ఒక్క దెబ్బ మేర. ర్యాపర్ తన పదునైన మాట అక్కడే పెట్టుకుంటాడు, మీరు చెప్పక్కర్లేదు. హుక్కులో మాత్రం బేసుకి ఒక స్వరం అదనంగా చేర్చండి, అది చాలు.

మిక్సింగ్ గురించి పుస్తకాలకి పుస్తకాలున్నాయి. శబ్దం తగ్గించుకుని, పక్కగదిలోంచి వినండి. స్నేరూ శాంపిల్ రాగమూ తెలుస్తుంటే బాగున్నట్టే. మాస్టర్ మీద, అంటే వరసలన్నీ కలిసే చోట, ఆరు డెసిబెళ్ళు ఖాళీ వదలండి, గొంతు వచ్చాక కావాలి.

ఇక న్యాయశాస్త్రం. 1991లో బిజ్ మార్కీ అనే ర్యాపర్ గిల్బర్ట్ ఓ సలివన్ పాట ముక్కని అనుమతి లేకుండా వాడితే న్యూయార్క్‌లో జడ్జి బైబిల్లో దొంగతనం గురించిన ఆజ్ఞతో తీర్పు మొదలుపెట్టారు. ఆ దెబ్బకి పాటకి పదేసి ఇరవయ్యేసి ముక్కలు పేర్చే కాలం ముగిసింది. బిజ్ మార్కీ తగ్గలేదు, తర్వాతి ఆల్బానికి 'అన్ని శాంపిళ్ళకీ అనుమతి ఉంది' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. మనవైపు పాటలూ అటు వెళ్ళాయి. 2002లో ట్రూత్ హర్ట్స్ పాడిన 'అడిక్టివ్'లో లతా మంగేష్కర్ గొంతు మోగింది. ఆ బాణీ కట్టిన బప్పి లాహిరి పేరు వేయనిదే ఆ సీడీలు అమ్మకూడదని 2003లో లాస్ ఏంజెలెస్ కోర్టు ఆపింది. 2007లో ఎం.ఐ.ఏ. పాట 'బ్యాంబూ బంగా'లో మన ఇళయరాజా 'దళపతి' ముక్క ఉంది.

మన దేశంలో లెక్క ఇలా ఉంటుంది. రికార్డింగు మీద హక్కు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్ళు. బాణీ మీద హక్కు కట్టినవారు పోయిన ఏడాది తర్వాత 60 ఏళ్ళు. రెండూ తీరాలి. ఘంటసాల గారు 1974లో పోయారు, కాబట్టి ఆయన కట్టిన బాణీ, రికార్డు ఎంత పాతదైనా, 2034 చివరిదాకా అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. సుబ్బరామన్ గారు 1952లోనే, ముప్పై నిండకుండా వెళ్ళిపోయారు. 'లైలా మజ్ను' రికార్డింగు 1949ది. రెండు గడువులూ ఎప్పుడో దాటాయి. అందుకే ఆయన్ని ఎంచుకున్నాను. అయితే ఈమధ్య శుభ్రం చేసి అమ్ముతున్న కాపీ కాకుండా అసలు రికార్డునుంచే తీసుకోండి. దేశం దాటితే చట్టం వేరు, అమ్మేముందు తెలిసిన వకీలుని ఒక మాట అడగండి.

అంతే, పంపేద్దాం. 24 బిట్ వేవ్ ఫైలు ఒకటి, వరసలు విడివిడిగా ఇంకో మూట. అన్నీ సున్నా దగ్గరే మొదలవ్వాలి, లేకపోతే అవతలివాడు అతికించుకోలేక చస్తాడు. ఫోన్లో వినడానికి ఎంపీ3 ఒకటి. పేరు 'ఫైనల్ కొత్తది రెండు' అని పెట్టకండి. వేగం 90 అనీ, శ్రుతి ఏదో, పేరులోనే రాయండి, ర్యాపర్ మొదట అడిగేవి అవే. పక్కన సుబ్బరామన్ గారి పేరు కూడా రాయండి. చట్టం అడిగినా అడక్కపోయినా, నేనడుగుతున్నాను.